ముప్పై రెండు చక్రాలు

అదేరితు ముసలాడు అరచెయ్యి నేలకి ఆనించి "గట్టివి" అన్నాడంటే గట్టివే, "మెత్తవి" అన్నాడంటే మెత్తవే. ఆ రేవూరి క్లబ్బులో అమ్మాయిల స్కేట్లకి చక్రాలు బిగించేది అతనే, ముప్పై ఒక్క ఏళ్ళుగా అతని మాటకి తిరుగులేదు. రోలర్ హాకీ అంటే బయటివాళ్ళకి కర్రా బంతీ గుర్తొస్తాయి గానీ సగం ఆట చక్రాల కింద ఉంటుందని ఆడేవాళ్ళకి తెలుసు. పొడి నేలమీద గట్టి చక్రం ఝామ్మని పోతుంది. అదే చక్రం చెమ్మ నేలమీద సబ్బుబిళ్ళయి కూర్చుంటుంది. చెమ్మకి మెత్తవి కావాలి. పోనీ ఎప్పుడూ మెత్తవే వేసుకుందామా అంటే, పొడి నేలమీద అవి కాలుని పట్టేసుకుంటాయి. మనిషి తిరుగుతుంది, కాలు తిరగదు. అందుకే ఏ ఊరు వెళ్ళినా ముందు అదేరితు మైదానం మధ్యకి వెళ్ళి మోకాళ్ళమీద కూర్చునేవాడు. అమ్మాయిలు స్కేట్లు ఒళ్ళో పెట్టుకుని అతని నోటికేసి చూస్తూ ఉండేవాళ్ళు.

ఆ మార్చి శనివారం కొండమీది ఊళ్ళో మ్యాచి. పొద్దుట్నుంచీ ఒకటే ముసురు. పైకప్పు ఉన్న మైదానమే గానీ, నున్నటి సిమెంటు నేల, కింద ఏదో పాత గిడ్డంగి. అదేరితు ఎప్పట్లాగే కూర్చుని అరచెయ్యి ఆనించాడు. ఏమీ తెలియలేదు. చల్లగా ఉందా, జిగటగా ఉందా, ఏమీ లేదు. వేళ్ళు మొద్దుబారి చాలా రోజులైంది. షుగరు నరాలమీదికి వచ్చిందని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పలేదు ఈ మహానుభావుడు. కంటికి నేల పొడిగానే కనిపించింది. లేచి చేతులు దులుపుకుని, "గట్టివి" అన్నాడు.

ఆట మొదలైన మూడో నిమిషానికే అతను బల్లమీంచి లేచి నిలబడ్డాడు. పిల్లలు మలుపు దగ్గర ఆగలేకపోతున్నారు. అటు నలుగురు, ఇటు నలుగురు, గోలు కాయడానికి చెరో గోలీ, చుట్టూ నడుమెత్తు చెక్క అడ్డగోడ. బంతి దానికి తగిలి మళ్ళీ లోపలికే వస్తుంది గనక ఊపిరి పీల్చుకునే తీరికుండదు. ఆగలేనివాళ్ళు జారి ఎదుటివాళ్ళమీద పడుతున్నారు. పడ్డ ప్రతిసారీ ఈల, ప్రతి ఈలకీ జట్టు పేరున ఒక తప్పు. పది తప్పులైతే ఎదుటి జట్టులో ఒక్కతి బంతి తీసుకుని గోలీమీదికి ఒంటరిగా వస్తుంది, మధ్యలో అడ్డొచ్చే హక్కు ఎవరికీ ఉండదు. సగం ఆట అయ్యేసరికి బోర్డుమీద ఏడు తప్పులు. అందులో నాలుగు ఒండీనావి. పైగా ఒక గోలు వెనకబడి ఉన్నారు.

ఒండీనాకి ఇరవై తొమ్మిదేళ్ళు, చేపల వేలంలో పని చేస్తుంది. కిందటి అక్టోబరులో ఒక మలుపు దగ్గర మోకాలు మెలిపడి ఐదు నెలలు ఇంట్లో కూర్చుంది. ఇవాళే మళ్ళీ మైదానంలో కాలుపెట్టింది.

విరామం పది నిమిషాలు. బట్టలు మార్చుకునే గదిలో కోచ్ జుల్మీరా తలుపు మూసీ మూయకముందే అందుకుంది. ఒకప్పుడు అదేరితు బిగించిన చక్రాలమీదే ఆడిన మనిషి ఆవిడ.

"ఒండీనా, నువ్వు కూర్చో. నీ మోకాలు నయమైంది, భయం నయం కాలేదు. మలుపు రాగానే కాలు వదిలేస్తున్నావు. ఈ సీజన్‌కి ఇక నీ పేరు రాయను. ఏమీ అనుకోకు."

"అది కాదు జుల్మీరా, అందరం జారుతూనే ఉన్నాం," అంది గోలీ వేవా, కాళ్ళకి కట్టుకున్న లావుపాటి మెత్తలు సడలించుకుంటూ. "నేనైతే గోలు ముందు మోకాళ్ళు మడిచి నేలమీదే కాపురం పెట్టాను, నాకూ జారుతోంది."

"నేల గురించి చెప్పాల్సింది అదేరితు బాబాయ్. బాబాయ్ గట్టివన్నాడు. ఇక తప్పు నేలమీద పెట్టి ఏం లాభం?"

ఒండీనా తల వంచుకుని స్కేటు తాళ్ళు విప్పడం మొదలెట్టింది. "తనన్నది నిజమే వేవా," అంది మెల్లిగా. "నాకు భయమేనేమో. అక్టోబరులో కూడా తిరగడం రాకే కదా పడ్డాను."

అదేరితు మూలన పనిముట్ల పెట్టె దగ్గర నిలబడి ఉన్నాడు. నోరు మెదపకుండా ఉంటే సరిపోతుంది. ఎవరూ అతన్ని అడగట్లేదు. వాన ఎక్కువైంది, నేల తర్వాత చెమ్మెక్కింది అంటే ఎవరైనా నమ్ముతారు. ఆ పిల్ల రెండో స్కేటు తాడు మీద చెయ్యి వేసింది.

"విప్పకమ్మా," అన్నాడు. "తప్పు నీది కాదు. చక్రాలవి. నేల చెమ్మగానే ఉండుంటుంది, నాకే తెలియలేదు."

జుల్మీరా నవ్వబోయింది. "నీకు తెలియకపోవడమేంటి బాబాయ్, ఊరుకో."

"చేతులు పోయాయే. వేళ్ళకి స్పర్శ లేదు. ఊరికే చెయ్యి పెట్టి, కంటికేది తోస్తే అది చెప్పేస్తున్నాను."

జుల్మీరా గడియారం చూసుకుంది. ఏడు నిమిషాలున్నాయి. నలుగురికీ మార్చాలంటే ముప్పై రెండు చక్రాలు. "తలో పానా తీసుకోండి," అంది. "మెత్తవి పెట్టెలో ఉన్నాయి. వేవా, నువ్వు కూడా రా, వీళ్ళవి ఎనిమిది విప్పి పుణ్యం కట్టుకో." నట్లు కటకటమని ఊడసాగాయి.

ఒండీనా మాత్రం కదల్లేదు. అతనికేసే చూస్తోంది.

"ఎప్పట్నుంచి బాబాయ్?"

ఆ ప్రశ్నకి జడిసే ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నాడు. నెలన్నర అనొచ్చు. పండగ తర్వాత్నుంచి అనొచ్చు. కుదిరిన అబద్ధమల్లా నోటిదాకా వచ్చింది.

"ఆగస్టు నుంచి," అన్నాడు.

పానాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లెక్క కట్టడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. అక్టోబరు మ్యాచి కొత్త చెక్క నేలమీద ఆడారు, ఎండాకాలం పోయి ఎండ మిగిలిన రోజు, నేల పెళపెళలాడుతూ ఉంది. ఆ రోజు అందరి కాళ్ళకీ మెత్తవే.

"అయితే ఆ రోజు నువ్వు..."

"మెత్తవి అన్నాను. తెలియకుండానే అన్నాను. అంబులెన్సులో నీ పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది."

ఒండీనా మొహంలో కోపం వస్తుందేమోనని చూశాడు. వస్తే బాగుండేది. ఆ పిల్ల తన మోకాలి చిప్పమీద చెయ్యి వేసుకుని నిదానంగా నిమురుకుంది.

"ఐదు నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను బాబాయ్. రోజూ మంచమ్మీద పడుకుని ఆ మలుపే మళ్ళీ మళ్ళీ తిరిగేదాన్ని. ఇరవై ఏళ్ళుగా ఆడుతూ తిరగడమే నేర్చుకోలేదా అని. నువ్వు ఆదివారం ఆదివారం వచ్చి కూర్చుని నారింజపళ్ళు ఒలిచి పెట్టేవాడివి."

అదేరితు అలవాటు కొద్దీ మోకాళ్ళమీద కూర్చుని ఆమె స్కేటు అందుకోబోయాడు. ఒండీనా దాన్ని తన ఒళ్ళోకి లాక్కుంది. రెండో చేత్తో అతని దగ్గరున్న పానా తీసుకుంది. విసురుగా కాదు, తన వస్తువు తను తీసుకున్నట్టు.

"నావి నేను బిగించుకుంటాను," అంది.

ఎనిమిది చక్రాలూ తనే మార్చుకుంది. ఒక్కొక్కటీ బిగించి వేలితో తిప్పి చూసుకుంది. జుల్మీరా ఆమె కర్ర తెచ్చి చేతికిచ్చింది. బయట ఈల వినబడింది. అందరూ అదేరితు పక్కనుంచే వెళ్ళారు, వేవా ఒక్కతే భుజమ్మీద చెయ్యి వేసి పోయింది. ఒండీనా చివర్న లేచింది. గుమ్మం దాటగానే దెబ్బతిన్న కాలిమీద గిర్రున తిరిగి చూసుకుంది. కాలు నిలబడింది. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.