కోట గోడలో గుడ్లు

మా బ్రెజొవిక్‌లో ఎవరిని అడిగినా చెబుతారు: దాన్యూబ్ ఒడ్డున ఉన్న పాతకోట గోడలు ఇన్ని వందల ఏళ్లుగా నిలిచి ఉండటానికి కారణం వాటి సున్నంలో పెంకులతో సహా కలిపిన కోడిగుడ్లు. కట్టించింది ఓ పొగరుబోతు రాణి అట. ఆమె ఏలినంత కాలం ఈ చుట్టుపక్కల పిల్లలెవరూ గుడ్డు రుచే ఎరుగరట. ఆ రాణి పుట్టడానికి వెయ్యేళ్ల ముందే రోమన్ సైనికులు తమ సరిహద్దును కాచుకోవడానికి ఆ కోట కట్టుకున్నారని, అది నా పాఠం కాకపోయినా, రసాయనశాస్త్రం తరగతిలో వీలున్నప్పుడల్లా చెబుతూ వచ్చాను. పిల్లలు బడిలో రోమన్లే అని ఒప్పుకునేవారు, ఇంటికి వెళ్లి రాణి అనేవారు.

నమ్మకం కోటకే పరిమితమై ఉంటే నాకు పేచీ లేదు. ఈ వసంతంలో అది మా పొరుగింటి పెర్సిద వేసవి వంటింటికి పాకింది. ఆ వంటింటి వెనక గోడ నిలువునా పగిలి లోపలికి వంగింది. ఎండాకాలమంతా ఆమె పడుకునే మంచం ఆ గోడ పక్కనే ఉంటుంది. గోడను దించి మళ్లీ కట్టించాలని నేనన్నాను. పగుళ్లలో గుడ్డుసొన కలిపిన సున్నం నింపితే మనవల కాలం దాకా ఢోకా ఉండదని ఆమె అంది. ఈస్టర్ వెళ్లినప్పటి నుంచి గుడ్లు కూడబెడుతోంది. తాపీమేస్త్రీ మిలోయె సోమవారం వస్తానన్నాడు. రకియా సారా పోసే ఇంట్లో అతడు ఏ సిద్ధాంతాన్నీ కాదనడు.

అందువల్ల ఆదివారం ఇద్దరం కోటకు బయలుదేరాం. ఒప్పందం ఆమె పెట్టిందే. కోట గోడలో గుడ్డు లేదని తేలితే వంటింటి గోడ దించడానికి ఒప్పుకుంటుంది. ఉందని తేలితే సోమవారం పొద్దున నేను ఆమె పెరట్లో పీట వేసుకుని కూర్చుని సొన గిలకొట్టాలి. ‘ఊరంతా చూస్తుండగా’ అనే మాటను ఆమె దారిలో చేర్చింది.

కోట ఏటవాలు ఎక్కగానే నా ఫోన్ అలవాటు ప్రకారం అవతలి ఒడ్డు రుమేనియా సిగ్నల్‌కు ఫిరాయించి గంట ముందుకు దూకింది. పెర్సిద తొంగి చూసి, మాస్టారికి కాలం కలిసొచ్చేట్టు లేదని, ఓడిపోవడానికి ఉన్న గంట కూడా తగ్గిపోయిందని జాలిపడింది.

కోట అనడం మర్యాదకే. మిగిలినవి ఒక బురుజు మొండెం, గొర్రెలు నీడకు చేరే ఒక పొడవాటి గోడ. ఇటుకల మధ్య సున్నం లేత గులాబీ రంగులో ఉంటుంది. ఊరివాళ్ల లెక్కలో అది పచ్చసొన వెలిసిన రంగు, నా లెక్కలో పొడిచేసి కలిపిన ఇటుక. నేను రాలిపడిన సున్నపు పెళ్లను ఒక రాతి మీద పెట్టి, సంచిలోంచి వెనిగర్ సీసా తీసి పోశాను. అది బుసబుసమని పొంగింది.

“చూశావా? శుద్ధమైన సున్నం,” అన్నాను.

పెర్సిద చూశానంది. బుట్టలోంచి మధ్యాహ్నానికని తెచ్చిన ఉడికించిన గుడ్డు తీసి నా పెళ్ల పక్కన నిలబెట్టింది. నా చేతిలోని సీసా అందుకుని దాని మీదా పోసింది. పెంకు కూడా అదే తీరుగా నురగలు కక్కింది.

“ఈస్టర్ గుడ్లకి రంగు వేసే నీళ్లలో ఏటా వెనిగర్ పోస్తాం మాస్టారూ. మీ ఇంట్లో ఆ పని మీ ఆవిడ చేసేది, మీకెలా తెలుస్తుందిలెండి.”

గుడ్డు పెంకూ, పాతబడిన సున్నమూ ఒకే పదార్థమని ఏళ్ల తరబడి నల్లబల్ల మీద రాసింది నేనే. గోడలో పెంకు లేదని చూపడానికి, పెంకుకూ గోడకూ తేడా లేదని చూపే పరీక్షను స్వయంగా మోసుకొచ్చాను. సొన గిలకొట్టడం పెద్ద బాధ కాదు. ఆ గోడ పక్కన ఆ మంచం ఉంటుందే, అదీ నా బాధ.

“పెర్సిదా, పందెం నువ్వే గెలిచావనుకో. మంచం మటుకు ముందింట్లోకి మార్చుకో,” అన్నాను.

“ఓడినవాళ్లు షరతులు పెట్టకూడదు,” అంటూ ఆమె గోడ దగ్గరికి నడిచింది. గులాబీ సున్నంలో అక్కడక్కడా తెల్లటి పలుకులు మెరుస్తుంటాయి. మా ఊళ్లో ప్రతి తల్లీ పిల్లలకు వేలుపెట్టి చూపించే గుడ్డు పెంకులు అవే. వాటిలో అన్నిటికంటే పెద్దదాన్ని ఎంచుకుని, తలపిన్ను తీసి దాని చుట్టూ నెమ్మదిగా గీకడం మొదలుపెట్టింది. నన్ను ఇంకా అనుమానాల మధ్య వదిలేయడం పొరుగువాళ్లు చేయదగిన పని కాదట. పెంకు చేతిలో పెట్టి, ఇంటికి తీసుకెళ్లి పూజించుకోమంటుందట.

పలుకు ఊడివచ్చింది. ఆమె దాన్ని అరచేతిలో వేసుకుని దుమ్ము ఊదింది. కళ్లకు దగ్గరగా తెచ్చుకుని చూసింది.

“మీ కళ్లద్దాలు ఓసారి ఇవ్వండి.”

ఇచ్చాను. పెట్టుకుని మళ్లీ చూసింది. దాన్ని తడి బొటనవేలితో రుద్ది, తిప్పి, ఇంకోవైపు కూడా చూసింది. ఆ తర్వాత తలపిన్నును జుట్టులో గుచ్చుకుంటూ, మామూలు గొంతుతో అంది:

“మిలోయెకి కబురు చెప్పండి. తాపీ కాదు, గడ్డపార తెచ్చుకోమని.”

“మరి గుడ్లో?”

“గుడ్లూ చీజూ దండిగా వేసి గిబానిత్సా రొట్టె కాలుస్తాను. మంచం మోసినవాళ్లకే.”

కళ్లద్దాలతో పాటు ఆ పలుకును కూడా నా చేతిలో పెట్టింది. అది నది ఇసుకతో కలిసి సున్నంలోకి వచ్చిన నత్తగుల్ల. వేలిగోరంత ఉంది, చుట్లు చెక్కుచెదరలేదు.