రెండో బ్రేకు

వియ్యపురాలికి కారు నేర్పడం కంటే పులిపాలు పితికి తేవడం తేలికని టీచరమ్మకు నాలుగో రోజుకే తెలిసివచ్చింది.

పరాయివాళ్లైతే ఏ బాధా లేదు. "కళ్లు నెత్తికెక్కాయా? అంత లారీ కనపడటం లేదా?" అని గొంతెత్తి అరవొచ్చు. ఇరవై ఆరేళ్లుగా అలా అరిచే తొమ్మిది వందల మందికి డ్రైవింగ్ నేర్పింది టీచరమ్మ. కారు మీద ఆమె బోర్డు కనిపిస్తే బస్సు డ్రైవర్లు కూడా నమస్కారం పెట్టి దారిచ్చేవారు. కానీ ఇప్పుడు స్టీరింగు ముందు కూర్చున్నది అల్లుడి తల్లి. తన కూతురు కోడలిగా ఉన్న ఇంటి పెద్దావిడ. ఒక్క మాట తూలితే అది సాయంత్రానికల్లా అమ్మాయి చెవిన పడుతుంది, మర్నాడు పొద్దున్నే ఫోను మోగుతుంది. అందుకని, ఎంత గొంతు దాకా వచ్చినా మింగేసుకుని, "వదినగారూ, ఎదురుగా చిన్న లారీ లాంటిదేదో వస్తున్నట్టుంది, వీలు చూసుకుని కాస్త పక్కకి తిప్పుతారా?" అనేది.

వియ్యపురాలు నర్సు. ముప్ఫై ఏళ్లు వార్డులో నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాయి. ఆసుపత్రివాళ్లు కొత్తగా ఒక ఉద్యోగం పెట్టారు. మంచం దిగలేని ముసలివాళ్ల ఇళ్లకు కారులో వెళ్లి కట్లు మార్చి, సూదిమందు వేసి రావాలి. పని ఆమెదేనన్నారు, కారు వాళ్లే ఇస్తామన్నారు. నెలాఖరులోగా లైసెన్సు మాత్రం చేతిలో ఉండాలి. లేకపోతే వరసలో తర్వాతి నర్సు ఉంది. ఈ సంగతి విన్న రోజున టీచరమ్మ అందరి ముందూ గుండె మీద చెయ్యి వేసుకుని, "తొమ్మిది వందల మందికి నేర్పినదాన్ని, మా వదినగారికి నేర్పలేనా?" అంది. నోరు జారితే కాలు జారినదాని కంటే ఎక్కువ దెబ్బ తగులుతుంది మరి.

అసలు గొడవ మొదలైంది ఆ చప్పుడుతో.

వియ్యపురాలు బండి కదిలించి పావుగంట తిరిగేసరికి ముందు చక్రాల్లోంచి "కీచ్... కీచ్..." మని మొదలయ్యేది. పోనుపోనూ అది సన్నగా సాగి చెవులు కోసేది. అరుగుల మీద కునుకు తీస్తున్న కుక్కలు తలలెత్తేవి. బళ్లో పిల్లలు కిటికీల దగ్గరికి పరుగెత్తుకొచ్చేవారు. చిత్రమేమిటంటే, టీచరమ్మ నడిపితే చప్పుడు లేదు. మిగతా శిష్యులు నడిపితే ఉందా లేదా అన్నట్టుండేది. ఈవిడ కూర్చుందంటే మాత్రం బండి గోల పెట్టేది.

"బండి మూలుగుతోంది వదినగారూ," అనేది వియ్యపురాలు బిక్కమొహం వేసి. "రోగులు ఎవరి చేతిలో మూలుగుతారో నాకు తెలుసు. చెయ్యి మంచిది కాకపోతేనే మూలుగుతారు."

"అబ్బే, దుమ్మండీ, దుమ్ము," అనేది టీచరమ్మ. వాన పడ్డ రోజున తేమ అనేది. ఆ రెండూ లేని రోజున బ్రేకు ప్యాడ్లు చేసినవాళ్లను తిట్టేది.

మెకానిక్కును ఊళ్లో అందరూ నిదానం అనేవారు. పది ప్రశ్నలు అడగనిదే స్పానర్ ముట్టుకునేవాడు కాదు. "స్టీరింగు తిప్పినప్పుడా అక్కా? గుంతలో పడ్డప్పుడా? బండి మొదలెట్టగానేనా, వేడెక్కాకా?" అంటూ నాడి చూసినట్టు అడిగి, అన్నిటికీ జవాబులు విన్నాక, "గుంతలో అరిస్తే కింద రబ్బరు బుష్షులు అనుకునేవాణ్ణి. తిప్పినప్పుడు అరిస్తే ఇరుసు దగ్గర చూసేవాణ్ణి. వేడెక్కాక అరుస్తోందంటే బ్రేకులే," అని తేల్చి చక్రాలు విప్పాడు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం మీద నీలం మచ్చలున్నాయి. దాన్ని పట్టి ఆపే ప్యాడ్లు గాజుముక్కల్లా తళతళలాడుతున్నాయి. వాటిని గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము దులిపి, గ్రీజు పెట్టి పంపించాడు. నాలుగో రోజుకు మళ్లీ కీచు. ఈసారి ప్యాడ్లే కొత్తవి వేశాడు. వారం తిరక్కుండా మళ్లీ కీచు. నిదానానికి అన్నం సయించడం మానేసింది.

గురువారం పరీక్ష. సోమవారం పొద్దున్న ఆడవాళ్లిద్దరూ మూడోసారి షెడ్డుకు వచ్చారు.

నిదానం ఒక్కడే కారు తీసుకెళ్లి ఊరంతా తిరిగొచ్చాడు. బండి పిల్లిలా వెళ్లి పిల్లిలా వచ్చింది. గెడ్డం గోక్కుని, "మీరిద్దరూ రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి," అన్నాడు.

"నువ్వు కూడా ఎక్కు."

"నేనెక్కితే మీరు బుద్ధిగా ఉంటారక్కా. నేను వెనకాల స్కూటర్ మీద వస్తా."

వెళ్లారు. పావుగంటకల్లా కీచుమంది. వియ్యపురాలి నుదుటిమీద చెమట పట్టింది. టీచరమ్మ రోజూలాగే సీటు అంచున కూర్చుని, మెడ సాచి, "అదిగో స్కూలు... అదిగో మలుపు... నెమ్మది, నెమ్మది," అంటూనే ఉంది. తిరిగి షెడ్డులోకి వచ్చి ఆగగానే నిదానం హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"బ్రేకు లైటు ఒక్కచోట కూడా ఆరలేదక్కా. ఈ గేటు దగ్గర వెలిగింది మళ్లీ ఈ గేటు దాకా వెలుగుతూనే ఉంది. ఎవరో బ్రేకు మీద కాలు ఆనించి ఉంచుతున్నారు. అలా ఊరికే రాసుకుంటుంటే వేడెక్కుతుంది, వేడెక్కితే ప్యాడు గట్టిపడుతుంది, గట్టిపడితే అరుస్తుంది. ప్యాడ్లు ఎన్ని మార్చినా ఇంతే."

నెల రోజులుగా మింగిందంతా టీచరమ్మకు ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. కూతురూ గుర్తు రాలేదు, మర్నాటి ఫోనూ గుర్తు రాలేదు.

"విన్నారా వదినగారూ! నెల రోజులుగా దుమ్మనీ తేమనీ మీకు సర్దిచెబుతూ వచ్చానా? మీ కాలు మీకు స్వాధీనంలో లేకపోతే నేనేం చెయ్యను? ఎవరైనా ఏం చేస్తారు?"

గుమ్మడికాయల దొంగ అంటే ఏ పాపం ఎరగనివాళ్లు కూడా ఒక్కోసారి భుజాలు తడుముకుంటారు. వియ్యపురాలు తన కుడికాలి వంక చూసుకుంది. "నేను పెట్టలేదండీ," అంది. మళ్లీ ఆ కాలి వంకే చూసి, "పెట్టానేమో. నాకు తెలియకుండానే పెట్టానేమో," అంది. తాళంచెవి బానెట్ మీద పెట్టి, సంచి భుజానికి తగిలించుకుంది. "గురువారం నేను రాను. నాకు వార్డే రాసిపెట్టి ఉంది. మీ మీద కోపం లేదు వదినగారూ, నిజం. మీరు నాకోసం చాలా ఓర్చుకున్నారు." ఎదురుగా ఉన్న బస్టాపుకేసి మెల్లగా, మోకాళ్లు పట్టేసినట్టు నడిచి వెళ్లిపోయింది.

టీచరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది కూతురు.

నిదానం మాత్రం కారు లోపలికి దూరాడు. స్టీరింగు కింద టార్చి వేసి చూశాడు. తర్వాత ఇటు తిరిగి వచ్చి, టీచరమ్మ కూర్చునే సీటు ముందు వంగాడు. అక్కడ ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ల కాలు తడబడితే ఆపద సమయంలో టీచరమ్మ నొక్కడానికని బిగించింది.

"అక్కా, ఇలా రండి. ముందు అటువైపు చూడండి."

నేర్చుకునేవాళ్ల బ్రేకు మీద రబ్బరు కాస్త నలిగింది కానీ గీతలన్నీ కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు ఇటు."

టీచరమ్మ వైపు రబ్బరు మీద గీత అన్నది లేదు. వాడి వాడి అరిగిన సబ్బుబిళ్లలా నున్నగా మెరుస్తోంది. ఒక మూల ఇనుము బయటపడింది.

"తొమ్మిదేళ్ల బండి. అరగదా?" అంది టీచరమ్మ.

"రెండువైపులా తొమ్మిదేళ్లేగా అక్కా," అన్నాడు నిదానం. "ఇది ఏడాదికో రెండేళ్లకో ఒకసారి నొక్కే బ్రేకు కదా?"

టీచరమ్మ ఆ నున్నటి రబ్బరును వేలితో తడిమింది. అందరికీ మూడేళ్లొచ్చే ప్యాడ్లు తనకెప్పుడూ ఎనిమిది నెలలే రావడం గుర్తొచ్చింది. రోజూ ఇంటికెళ్లాక కుడి పిక్క పీకుతుంటే వయసనుకుని మందు రాసుకోవడం గుర్తొచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానే అనుకుంది. పరాయివాళ్లప్పుడు కాలి వేళ్లు మాత్రం ఆనించి ఉంటుంది. వదినగారు ఎక్కితే పాదమంతా మోపేసింది, ఆవిడకేమైనా అయితే కూతురికి మొహం ఎలా చూపించాలన్న భయంతో. తొమ్మిది వందల మందికి కారు నేర్పింది, ఒక్కరికీ కారు చేతికివ్వలేదు. పైగా అరిచింది! ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో చెవులు కాలాయి.

అప్పుడే దూరాన బస్సు హారన్ వినిపించింది. టీచరమ్మ అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటేసింది. శిష్యులెవరైనా ఆ పని చేస్తే చెవులు మెలేసేది.

వియ్యపురాలు బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"వదినగారూ, ఆ కాలు నాదే."

"ఏ కాలండీ?"

"బ్రేకు మీదున్న కాలు. నెల రోజులుగా నేనే నొక్కిపట్టుకుని కూర్చున్నాను. మీమీద నమ్మకం లేక... కాదు, నాకు ఎవరిమీదా లేదు. ఇన్నేళ్లూ ఇంతే. నాకే తెలీదు. తప్పు నాదైతే మిమ్మల్ని మాట అన్నాను. క్షమించండి."

బస్సు వచ్చి ఆగింది. వియ్యపురాలు లేవలేదు. ముందు కళ్లు పెద్దవి చేసింది, తర్వాత సంచిలోకి తల వంచేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని టీచరమ్మ ప్రాణం చచ్చిపోయింది. తీరా చూస్తే నవ్వు!

"అయ్యో వదినగారూ! నా కాలు నా మాట వినడం లేదనుకుని మా ఆసుపత్రిలో నరాల డాక్టరుకి చూపించుకున్నానండీ!"

"అయ్యయ్యో! ఆయనేమన్నారు?"

"సుత్తితో నాలుగు చోట్ల కొట్టి చూసి, కాలు బంగారంలా ఉందమ్మా, బండిని చూపించుకో అన్నారు!"

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. ఎక్కుతారా ఎక్కరా అని డ్రైవరు రెండుసార్లు అడిగి, విసుక్కుని, బస్సు తీసుకుని వెళ్లిపోయాడు.

నిదానం ప్యాడ్లు మళ్లీ రుద్ది బిగించేదాకా ఇద్దరూ షెడ్డులోనే టీ తాగారు. తర్వాత వియ్యపురాలు స్టీరింగు ముందు కూర్చుంది. టీచరమ్మ బెల్టు పెట్టుకుని, చెప్పులు విప్పి వెనక సీట్లోకి విసిరేసి, కాళ్లు రెండూ పైకి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇలాగే కూర్చుంటారా?"

"ఇలాగే. పోనివ్వండి."

బండి రోడ్డెక్కింది. స్కూలు దాటింది. టీచరమ్మ కుడికాలు గిలగిల్లాడింది. మలుపు వచ్చింది, ఆమె బొటనవేలు తన చేత్తోనే గట్టిగా పట్టుకుంది. మార్కెట్ దిగువ వాలులో కూరగాయల వ్యాను ఒకటి, వెనకాముందూ చూసుకోకుండా, వెనక్కి వచ్చేసింది. టీచరమ్మ కళ్లు మూసేసుకుంది. ఊపిరి బిగబట్టింది.

కళ్లు తెరిచేసరికి కారు నిలబడి ఉంది. వ్యానుకూ తమకూ మధ్య రెండు బారల ఎడం ఉంది. ఎక్కడా కుదుపు లేదు, కీచు లేదు. వియ్యపురాలు అద్దంలో వెనక ఎవరైనా వస్తున్నారేమో చూసుకుంటోంది.

"ఊపిరి తీసుకోండి వదినగారూ," అంది, మంచం మీదున్న రోగితో అన్నట్టు. "మెల్లగా. ఆఁ, వదలండి."

టీచరమ్మ వదిలింది. చాలా ఏళ్లుగా పట్టి ఉంచిన ఊపిరేమో, ఎంతకీ తరగలేదు. ఆ వెంటనే ఆమెకు చెప్పలేనంత సంతోషం వేసింది. "ఎంత బాగా ఆపారండీ! నేనైనా అంత బాగా ఆపను!" అని వ్యానతనికి కూడా వినపడేలా అరిచింది. వ్యానతను తననే మెచ్చుకుంటున్నారనుకుని చెయ్యి ఊపాడు.

ఆ రోజూ, మంగళవారం, బుధవారం కూడా అలాగే తిరిగారు. కుక్కలు లేవలేదు. బళ్లో పిల్లలు కిటికీల దగ్గరికి వచ్చి, చప్పుడు ఏదని నిరుత్సాహపడి వెళ్లిపోయారు. నిదానం భోజనానికి రెండోసారి వడ్డించుకున్నాడని షెడ్డులో చెప్పుకున్నారు.

గురువారం టీచరమ్మ సీట్లో పరీక్ష పెట్టే ఆఫీసరు కూర్చున్నాడు. ఆమె గేటు బయట ఎండలో నిలబడింది, కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగింది. ఇరవై నిమిషాల తర్వాత వియ్యపురాలు కారు దిగి, రెండు చేతులూ పైకెత్తి, మోకాళ్ల సంగతే మరిచిపోయి పరుగెత్తుకుంటూ వచ్చింది. కాగితం చేతికి వచ్చేసరికి సాయంత్రమైంది.

"ఇవాళ మీరు వెనక కూర్చోండి వదినగారూ," అంది వెనక తలుపు తీసి పట్టుకుని. "ఇంటి దగ్గర దింపుతాను. అక్కడ మీరు నొక్కడానికి ఏమీ లేదు."

తన కారులో వెనక సీటు ఎలా ఉంటుందో టీచరమ్మకు అప్పటిదాకా తెలియదు. మెత్తగా ఉంది. ఎడమ కిటికీ పూర్తిగా దిగదని ఇప్పుడే తెలిసింది. శిష్యులెవరూ చెప్పలేదేమిటా అనుకుంది. సందుల్లోంచి చల్లగాలి వస్తోంది. ముందు సీట్లో వియ్యపురాలు మలుపు మలుపుకీ బాణం లైటు వేస్తోంది, చక్కగా ఆపుతోంది, చక్కగా కదులుతోంది. టీచరమ్మ తల కాస్త వెనక్కి ఆనించుకుందామని ఆనించుకుంది.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి తన ఇంటి గేటు కనిపించింది. కనిపిస్తూనే వెనక్కి వెళ్లిపోయింది.

"వదినగారూ, ఇల్లు దాటేశాం!"

"తెలుసండీ. ఇది మూడోసారి," అంది వియ్యపురాలు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నోరు తెరిచి ఎంత హాయిగా పడుకున్నారో. లేపబుద్ధి కాలేదు."

టీచరమ్మ లేచి కూర్చోబోయింది. పిక్క పీకడం లేదు. మళ్లీ వెనక్కి వాలింది.

"పెట్రోలు ఉందా?"

"ఉందండీ, సగం పైనే."

"అయితే ఇంకో చుట్టు తిప్పండి," అని టీచరమ్మ కళ్లు మూసుకుంది.