బావ లారీకి పట్టిన వణుకు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ మాట అన్న పెద్దలెవరికీ ధనంజయలాంటి బావ ఉండి ఉండడని ఢిల్లీబాబుకు గట్టి నమ్మకం.

చిత్తూరు బైపాసు పక్కన ఢిల్లీబాబు సొంతంగా షెడ్డు తెరిచాడు. మొదటి పని అక్క మొగుడి లారీయే. ముసలి ఇంజనుకు గాలి ఎక్కువ తోసే టర్బో బిగించి, డీజిల్ ఎక్కువ అందేలా పంపు సెట్ చేశాడు. మామిడికాయల లోడుతో ఎత్తు ఎక్కాలంటే ఆయాసపడే బండి ఇక పాట పాడుకుంటూ ఎక్కుతుందని మురిసిపోయాడు. బావ అంతకంటే మురిసిపోయి, షెడ్డు నుంచి నేరుగా కాణిపాకం తీసుకెళ్లి పూజ చేయించాడు. పూజారి పెట్టిన బొట్లు ఆయన కంటికి ఆనలేదు. తానే పసుపు ముద్ద కలిపి, ముందు అద్దం మొదలుకొని లారీలో ఖాళీ చోటన్నది లేకుండా మెత్తాడు.

ఆ మర్నాటి నుంచే వణుకు మొదలైంది. దూరం పోయేకొద్దీ బండి నీరసపడుతుంది. ఆపి న్యూట్రల్లో ఉంచితే చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతుంది. ఢిల్లీబాబు ఐడిల్ స్క్రూ తిప్పి, నిలబడ్డప్పటి ఇంజను వేగం కాస్త పెంచాడు. వణుకు రెండు రోజులు దాక్కుని మళ్లీ బయటికొచ్చింది.

ఈ పొద్దు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు, కాయల లారీల వరసలోంచి బావ ఫోన్ చేసి పిలిపించాడు. ఢిల్లీబాబు పానాల సంచితో వచ్చేసరికి వరసలోని వాళ్లంతా చుట్టూ చేరి ఉన్నారు. తన రెండు లారీలకూ టర్బో పెట్టించుకుంటానని మాటిచ్చిన మునిచంద్ర కూడా చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఇక్కడ పేరు పోతే షెడ్డుకు తాళం వేసుకోవడమే.

“సూడు బామ్మర్దీ,” అన్నాడు బావ అందరికీ వినపడేలా. “నువ్వు చెయ్యి పెట్టకముందు నా బండి బంగారం. ఆ టర్బో ఇప్పేసి పాత మాదిరి పెట్టేయ్. లేదంటే నా పనిలో తప్పు లేదని కాణిపాకంలో ప్రమాణం చెయ్యి.”

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడే ధైర్యం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. ఢిల్లీబాబు భయం అది కాదు. నిజమేమిటో తనకే తెలియదు. ఒకవేళ తప్పు తనదేనేమో!

“కొంచేపు ఓర్చుకో బావా. నా తప్పయితే నేనే ఇప్పేస్తా.”

ఇంజను నడుస్తుండగానే ఒక్కో సిలిండరుకు డీజిల్ పోయే పైపు నట్టు వదులు చేసి చెవి పెట్టాడు. పనిచేయని సిలిండరైతే నట్టు వదిలినా చప్పుడు మారదు. మొదటిది వదిలితే మారింది. రెండోదీ మారింది. ఆరూ అంతే. పాపం, అన్నీ పనిచేస్తూనే ఉన్నాయి, అన్నీ కలిసే వణుకుతున్నాయి. కానీ ప్రతి నట్టు దగ్గరా డీజిల్‌తో పాటు నురగ వస్తోంది. అంటే ఎక్కణ్ణుంచో గాలి చేరుతోంది.

పైపు వెంట వెనక్కి వెనక్కి పోయి డీజిల్ ట్యాంకు దగ్గర ఆగాడు. మూత తిప్పితే రాలేదు. రెండు చేతులా బలం పెట్టి లాగితే ‘సుయ్’మని గాలి లోపలికి పోయింది.

మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు. నడుమ సన్నటి చిల్లు ఉంటుంది. డీజిల్ తగ్గేకొద్దీ దానిలోంచే గాలి ట్యాంకులోకి పోవాలి. పైవైపు ఆ చిల్లు మీద ఎండి రాయైపోయిన పసుపు, దాని మీద రూపాయంత కుంకం బొట్టు. ట్యాంకుకు ఊపిరి ఆడక, పంపు పైపు అతుకుల సందుల్లోంచి గాలి పీలుస్తోంది.

ఢిల్లీబాబుకు ఎగిరి గంతేయాలనిపించింది. బావ వైపు చూశాడు. నలుగురిలో బావ మొహం మాడితే రాత్రికి ఆ మాడు మొహానికి అన్నం వడ్డించాల్సింది అక్క. మూతను అరచేతిలో దాచుకుని సన్న తీగతో చిల్లు గీకాడు.

“మూతలో ఏందో దుమ్ము పడుండాది బావా. అంతే.”

బావ మూత లాక్కున్నాడు. చిల్లు చుట్టూ మిగిలిన బొట్టు మీద ఆయన బొటనవేలి ముద్ర ఇంకా కనిపిస్తోంది. తన బొటనవేలు దానికి ఆనించి చూసుకున్నాడు. తర్వాత గొంతెత్తాడు.

“దుమ్ము కాదబ్బా, ఇది నా భక్తి! నేనే మెత్తినాను. వాని పనిలో తప్పు ల్యా.”

వరసంతా గొల్లున నవ్వింది. ఢిల్లీబాబు కళ్లు చెమర్చాయి, డీజిల్ పొగ అనుకోమన్నట్టు తుడుచుకున్నాడు. ఇంజను ఆపి, పంపు పక్కనున్న చేతి మీట కొట్టి పైపుల్లోని గాలంతా తీశాడు. మళ్లీ స్టార్ట్ చేసి, పెంచిన ఐడిల్ స్క్రూ కొద్దికొద్దిగా వెనక్కి తిప్పి, చప్పుడు కుదురుకున్న చోట నట్టు బిగించాడు. లోపల డాష్‌బోర్డు మీది వినాయకుడు ఊగడం మానేశాడు.

“సోమారం నా బండి తెస్తా,” అన్నాడు మునిచంద్ర.

వరస కదిలింది. బావ అలవాటుగా కుంకం పొట్లం తీసి, వేలు ముంచి, ఇంజను ముందు ఆగిపోయాడు.

“బామ్మర్దీ, యాడ పెట్టమంటావు?”

అక్కను పెళ్లాడిన ఇన్నేళ్లలో బావ తనను సలహా అడగడం అదే మొదలు.

“చిల్లు లేని చోట సూసి పెట్టు బావా,” అన్నాడు ఢిల్లీబాబు.