రంధ్రం వెనక నల్లచుక్క

"పప్పుల ఉప్పెక్కువైంది" అని సిద్దిరాములు పళ్ళెం పక్కకు నూకి లేచిండు. ఆయన భార్య అనసూర్య ఎంగిలి పళ్ళెం కడిగి, అత్త శంకరవ్వ స్నానానికి నీళ్ళు కాగబెట్టి, నాలుగు ముద్దలు నిలబడే మింగి కాలేజీకి బయల్దేరింది. కరీంనగర్‌ల ఇద్దరిదీ ఒకటే కాలేజీ, ఒకటే ఫిజిక్స్ విభాగం. ఆయన లెక్చరర్, ఆమె ల్యాబ్‌ల ప్రయోగాలు చూపించే డెమాన్‌స్ట్రేటర్. ఆయన సైకిల్ మీద పోతడు, ఆమె నడుస్తది. "ఒక్క సైకిల్ మీద పోతె పోరగాళ్ళు నవ్వుతరు" అని పెండ్లైన కొత్తలనే చెప్పిండు.

ఆ రోజు ల్యాబ్ చీకటిగదిల దీపం ముందట సన్నటి గుండ్రని రంధ్రమున్న రేకు నిలిపి, దాని వెనక కటకాన్ని మెల్లగ జరుపుకుంట చూసింది. వెలుగు వలయాలు వలయాలుగ విచ్చుకున్నది. ఒక్క దగ్గర సరిగ్గ నడిమిట్ల నల్లచుక్క. ఇంకింత జరిపితే మళ్ళ వెలిగింది. అడ్డం ఏం లేదు. మరి చీకటెక్కడిది?

"కటకం మీద దుమ్ము. తుడువ్" అన్నడు సిద్దిరాములు, చూడకుండనే. తుడిచింది. చుక్క పోలే.

ఇంట్ల బావి నీళ్ళు చేదుతుంటె, బొక్కెన లేపిన అలలు చూసి తట్టింది. వెలుగు గూడ అట్ల అలలే గద. రంధ్రం నడిమి నుంచి వచ్చే అల ఎగిసినప్పుడు, అంచుల దిక్కు నుంచి వచ్చేది దిగుతున్నది. రెండూ కలిసి ఒకదాన్నొకటి తుడిచేస్తున్నయి. అక్కడ అలే లేదు. లేని అల ఎగుస్తున్నదా, దిగుతున్నదా అంటె దానికి జవాబే లేదు! ఆమె ఒళ్ళు ఝల్లుమన్నది. ఎవలకన్న చెప్పాలె. అన్నాలప్పుడు మొదలువెట్టంగనే సిద్దిరాములు రేడియో సప్పుడు పెంచిండు. "కడుపు పండే ముచ్చట చెప్పరాదు" అన్నది శంకరవ్వ. మిగిలిన ముచ్చట అనసూర్య గిన్నెలు తోముకుంట తనకు తనే చెప్పుకున్నది.

వారానికి ప్రిన్సిపాల్ సారు ల్యాబ్ చూడవచ్చిండు. సిద్దిరాములు ఆ చుక్కనే చూపించి, "నేను పట్టిన సార్" అన్నడు.

"వెలుగొస్తుంటె నడుమ చీకటెట్లయ్యా?"

సిద్దిరాములు తడబడి, వెనక్కి తిరిగి ఆమె దిక్కు చూసిండు. ఎప్పుడూ ఆమె వెనక నుంచి మెల్లగ అందిస్తది, ఆయన గట్టిగ చెప్తడు. ఈసారి ఆమె ముందుకొచ్చింది. "చూసింది నేను సార్. నేనే చెప్త" అని మొత్తం విడమరిచి చెప్పింది.

సారు తలూపి, సిద్దిరాములు భుజం తట్టిండు. "మీ ఆమెకు బాగ నేర్పినవయ్యా!"

సిద్దిరాములు నవ్వి ఊకున్నడు. ఆ నవ్వు చూసినంక ఆమెకు అక్కడ నిలబడబుద్ధి కాలే.

సాయంత్రం ఇంట్ల అన్నది: "హైదరాబాద్‌ల ఎమ్మెస్సీ చదువుత."

"ఎవలనడిగి?"

"ఎవలనడగలే."

"పో. మళ్ళ ఈ గడప తొక్కుడు నీ చేతుల లేదు, యాదుంచుకో."

సీటు వచ్చింది. రైలు కోసం బస్సుల పెద్దపల్లి దాక ఒక్కతే పోయింది. సాగనంప ఎవలు రాలే. ప్లాట్‌ఫారం మీద జామకాయల గంప పెట్టుకున్న ముసలవ్వ ఆమె ట్రంకుపెట్టె చూసి అడిగింది.

"ఎంబడి ఎవలున్నరు బిడ్డా?"

రైలు కూసింది. అనసూర్య గట్టిగనే చెప్పింది.

"ఎవలు లేరవ్వా. నేనే పోతున్న."