వెలుతురున్న రెండు గంటలు

బఠాణీ సూప్ ఫోటోకి లొంగదు. గురువారం వస్తే మా దేశమంతా తినేదే, కెమెరా ముందు పెడితే మాత్రం బురదలా కనిపిస్తుంది. నేను మా హోటల్లో దీపాలార్పి, గిన్నెని కిటికీ పక్క బల్ల మీద పెట్టి, ఒక వైపు నల్లటి బేకింగ్ రేకు నిలబెడతాను. నీడ చిక్కబడితే సూప్ కూడా చిక్కగా కనిపిస్తుంది. ఆఖర్న కిటికీ తెరుస్తాను. బయటి చలి తగిలితేనే ఆవిరి కంటికి ఆనుతుంది.

"ఇల్మో, సూప్‌తో పాటు ఉత్తర ధ్రువాన్ని కూడా వడ్డిస్తున్నావా?" అంటూ రేవులో పనిచేసే ఒకాయన కోటు గుండీలు పెట్టుకున్నాడు.

"మా సైనీ పిచ్చి అది," అన్నాడు నా భర్త ఇల్మో వంటగదిలోంచి. "మూసెయ్యవే తల్లీ. మూడో బల్లవాళ్లు రొట్టె అడుగుతున్నారు."

మూసేసి రొట్టె ఇచ్చాను.

డిసెంబరులో మా ఊరు తుర్కులో పనికొచ్చే వెలుతురు పదకొండు నుంచి ఒంటిగంట దాకా. భోజనాల వేళా అదే. ఇరవై రెండేళ్లుగా ఆ రెండు గంటలూ నా చేతుల్లో పళ్లేలే. మధ్యలో దొంగిలించిన నిమిషాల్లో ఫోటోలు తీస్తాను. "కూడు తినడానికమ్మా, చూసుకుంటూ కూర్చోడానికి కాదు," అనేది మా అత్తగారు ఐలి, బతికున్నన్నాళ్లూ. ఆ ఫోటోలు చూసి వచ్చినవాళ్లు ఇల్మో వంటని మెచ్చుకుంటారు. అతను బాగా వండుతాడు, నిజమే. మూడేళ్ల కిందట, ఫోటోలు లేనప్పుడూ ఇంత బాగానే వండేవాడు. సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి. అదీ నిజమే.

సోమవారం చిన్న హోటళ్ల సంఘం సమావేశం మా దగ్గరే జరిగింది. సంఘం నడిపే మైరె తొమ్మిది హోటళ్ల ఫోటోలు గోడ మీద వేసి చూపించింది. పసుపు దీపాల కింద పాలిపోయిన చేపలు, ఫ్లాష్ పడి తళతళలాడే మాంసం. చివర్న మా సూప్.

"ఎవరిచేత తీయించావు, ఇల్మో? మా అందరికీ ఆ మనిషి కావాలి."

"ఇంకెవరు, మా ఆవిడే. సాయంత్రాలు పంపిస్తాలే. ఏం పుచ్చుకోదు, ఓ కప్పు కాఫీ ఇవ్వండి చాలు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. అలవాటుగా నేనూ నవ్వబోయాను. మూడున్నరకే చీకటిపడే ఊళ్లో సాయంత్రాలట. ఈ మూడేళ్లలో నేను ఎప్పుడు, ఎలా తీస్తానో ఒక్కసారి తలెత్తి చూసినా ఆ మాట అనేవాడు కాదు.

చేతిలో కాఫీ కూజా బల్ల మీద పెట్టాను.

"సాయంత్రాలు రాను," అన్నాను మైరెతో. "వారానికి నాలుగు రోజులు, పదకొండుకి వస్తాను. ఎంత తీసుకుంటానో రేపు రాసి పంపుతాను."

ఇల్మో ముఖం మీద నవ్వు ఇంకా ఆరలేదు.

"పదకొండుకా? మరి ఇక్కడ వడ్డించేదెవరు?"

"మనిషి కావాలని ప్రకటన వెయ్యి," అన్నాను. "జీతం ఎంతో కూడా అందులో రాయి. జీతం లేకుండా ఈ పనికి ఎవరూ రారు."