నా పేరున పంచిన చాక్లెట్లు

ప్లోవ్‌దివ్ నగరంలోని మా నక్షాల ఆఫీసులో ఒక మర్యాద ఉంది. ఎవరి పేరుగల పునీతుడి పండగ వస్తే వాళ్లు చాక్లెట్ పెట్టె పట్టుకుని బల్ల బల్లకీ తిరగాలి. నా పేరు త్రిఫోన్. ఫిబ్రవరిలో నా పండగ రోజున పదకొండేళ్లుగా సెలవు పెట్టి, ఇంట్లో చిక్కుడుగింజల చారు తాగుతూ కూర్చున్నాను. మర్నాడు ఎవరైనా "నోరు తీపి చేశావురా" అంటే, దెప్పుతున్నారనుకుని తల దించుకుని పోయేవాణ్ణి. ఇతరుల పెట్టెల్లోంచి మాత్రం మొహమాటం లేకుండా తీసుకునేవాణ్ణి.

మొన్న మార్చిలో సెక్షన్ హెడ్ కుర్చీ ఖాళీ అయింది. పోటీలో నేనూ, పక్కబల్ల స్టిలియానా అక్కా. నాకు పని నేర్పింది ఆవిడే. పెద్దాయన మార్చెవ్ నన్ను గదిలోకి పిలిచాడు.

"పని ఇద్దరికీ వచ్చు. కానీ ఈ కుర్చీలో ఉన్నవాడు నలుగురితో మెలగాలి, చెయ్యి ధారాళంగా ఉండాలి. ఆవిడ తన పండక్కి ఇంటి గుమ్మడి రొట్టె తెస్తుంది, అదీ తలో చిన్న ముక్క. నువ్వు సెలవులో ఉండి కూడా ఏటా చెర్రీ చాక్లెట్లు పంపిస్తావు. కుర్చీ నీదేనయ్యా."

నేనేమీ పంపలేదన్న మాట నోటిదాకా వచ్చింది. "థాంక్స్ సార్" అన్నాను.

బయటికొచ్చి అక్కని అడిగాను. "నా పేరున చాక్లెట్లు ఎవరు పంచారు?"

ఆవిడ నక్షా మీంచి తలెత్తలేదు. "నేనే. మొదటి ఏడాది నువ్వు రాకపోతే పిసినారి వెధవ అని ఒకటే నవ్వులు. కొత్తవాడివి, ఇబ్బందిలో ఉన్నావేమోనని నువ్వే పంపావని చెప్పేశా. ఒకసారి మొదలెట్టాక మానలేం కదా."

"మరి నీ పండక్కో?"

"ఏడాదికి రెండు పెట్టెలు నావల్ల ఎక్కడవుతుంది నాయనా? ఇంట్లో పిండి ఉంటుందిగా. ఇంతకీ కుర్చీ ఎవరికి?"

"నాకే."

"మంచిది. నీ గీత శుభ్రంగా ఉంటుంది, నేనెప్పుడూ అంటూనే ఉన్నా."

మార్చెవ్ తలుపు దాకా వెళ్లాను. తట్టకుండానే వెనక్కి వచ్చాను. సిగ్గేసింది, అయినా వచ్చాను.

మర్నాడు కొత్త కుర్చీ దక్కినందుకు ఆనవాయితీగా నా డబ్బుతో మొదటిసారి పెట్టె కొని పంచాను. అందరూ "మళ్లీ చెర్రీవేనా" అంటూ తీసుకున్నారు. చివరికి అక్క దగ్గర ఆగాను. ఆవిడ ఒకటి తీసి, కాగితం జాగ్రత్తగా విప్పి నోట్లో వేసుకుంది.

"బావున్నాయిరా," అంది. "ఏటా పెట్టెలోవి అందరికీ సరిగ్గా సరిపోయేవి. నేనెప్పుడూ తినలేదు."