తెల్ల చొక్కా జేబు

ఉతికే ముందు జేబులు వెతకడం ఆమె పని. పెళ్ళైన కొత్తలో ఒకసారి భర్త జేబులో మరిచిన పెన్ను వల్ల బట్టలన్నీ నీలి మరకలైపోతే, "జేబు చూసుకోవాలన్న ఇంగితం కూడా లేదా నీకు?" అన్నాడు. పెన్ను పెట్టినవాడికి అక్కర్లేని ఇంగితం ఉతికేదానికే ఎందుకుండాలో ఆమె అడగలేదు. అప్పటినుంచీ వెతుకుతూనే ఉంది. అతను ఎక్కడ టీ తాగాడో, ఎవరి పెళ్ళికి పిలుపొచ్చిందో అతని నోటికన్నా ముందు జేబులే ఆమెకు చెప్పేవి.

అమ్మ పోయాక పుట్టింట్లో ఉండి నిన్ననే తిరిగొచ్చింది. ఆమె లేనప్పటి బట్టలన్నీ స్నానాలగది మూలన గుట్టగా పడి ఆమె కోసం కాచుకుని ఉన్నాయి. ఇంట్లో వాషింగ్ మెషీను ఉంది, రెండు చేతులున్న మొగుడూ ఉన్నాడు. "నువ్వొచ్చి నీ పద్ధతిలో వేసుకుంటావని కదపలేదమ్మా" అంది అత్తగారు, అదేదో కోడలికి పెద్ద మర్యాద చేసినట్టు.

గుట్ట అడుగున తెల్ల చొక్కా ఉంది. ఛాతీ జేబులో మడత పెట్టిన చేతిరుమాలు, ఆ మడతల్లో గట్టిగా ఏదో తగిలింది. విప్పి చూస్తే చిన్న కత్తెర. దాని పిడిమీద చెక్కి ఉన్నది ఫ్యాక్టరీలో ఆమె నంబరే.

ఆమె దాన్ని పట్టుకుని తడి గచ్చుమీద కూర్చుంది.

వాళ్ళిద్దరిదీ ఒకటే ఫ్యాక్టరీ. సైన్యానికి హెలికాప్టర్లు తయారుచేస్తారు. డిజైను పరాయి దేశపు కంపెనీది, లైసెన్సు తెచ్చుకుని ఇక్కడ కడతారు. ఆమె వైరింగు షాపనే విభాగంలో తీగల్ని కట్టలుగా పేర్చి మైనం పూసిన దారంతో ముళ్ళేస్తుంది. ఒక్క ముడి ఇటుదటు జరపాలన్నా ఆ కంపెనీ ఒప్పుకోవాలి. "అత్తారింట్లో వంటలాంటిదే. పొయ్యి దగ్గర మనం, ఉప్పెంతో చెప్పేది వాళ్ళు" అని అక్కడి ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

మొదట్లో కట్టిన రకానికి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు పల్లకి. దాని పొట్ట విశాలంగా ఉండేది. సీట్లు మడిచేస్తే గాయపడ్డవాళ్ళను స్ట్రెచర్లమీద పడుకోబెట్టి తీసుకెళ్ళొచ్చు. ఆ స్ట్రెచర్ల మీది దీపానికి వెళ్ళే తీగల కట్ట ఆమె కట్టేది. అమ్మకి ఆ దీపమంటే ఎంత గర్వమో. ఆకాశంలో చప్పుడు వినబడితే చాలు, తడి చేతులతోనే వాకిట్లోకి వచ్చి, "అందులో లైటు మా అమ్మాయి చేతిదే" అని పక్కింటివాళ్ళకు చూపించేది. "పడుకున్నవాళ్ళ కళ్ళల్లో పడకుండా చూశావుటే?" అని కూతుర్ని అడిగేది. ఆమె పనిగురించి ఆమెను ఏదైనా అడిగిన మనిషి లోకంలో అమ్మ ఒక్కతే.

తర్వాత కందిరీగ వచ్చింది. పల్లకి ఇంజనూ, పైన తిరిగే రెక్కలూ అవే ఉంచి, పొట్టంతా చెక్కేసి మనవాళ్ళే మలిచిన దాడి రకం. సన్నటి నడుము, ఒకరి వెనక ఒకరుగా ఇద్దరికే చోటు, ముక్కు కింద తుపాకీ, పక్కన రాకెట్లు. దీపానికి వెళ్ళిన తీగల్లాంటి తీగలే ఇందులో తుపాకీ మీటకు వెళతాయి. దాని నమూనా బొమ్మ పేపర్లో పడ్డ రోజు అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఎవరినన్నా పడుకోబెట్టే చోటుందా ఇందులో?"

"లేదమ్మా."

"అయితే ఎందుకే ఇది?"

ఇంటికొచ్చాక ఆ మాటే కందిరీగ విభాగానికి సూపర్‌వైజరైన భర్తని అడిగింది. "మీ అమ్మకి అంతకన్నా ఏం తెలుస్తుంది" అని నవ్వాడు.

మొదటి కందిరీగను హ్యాంగరు షెడ్డులోంచి బయటికి తెచ్చిన రోజే ఈ తెల్ల చొక్కా వేసుకున్నాడు. లైసెన్సు కంపెనీ ప్రతినిధి వచ్చాడు, ఫొటోలు తీశారు. ఫొటోకి ముందు ఆమె బల్ల దగ్గరికొచ్చి గుండీ కింద వేలాడుతున్న దారం చూపించాడు. "ఇంత పెద్ద యంత్రానికి ముళ్ళేస్తావు, మొగుడి చొక్కాకి ఒక గుండీ సరిగా కుట్టలేవా?" అని పక్కవాళ్ళకు వినబడేలా అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వి, తల దించుకుని ముడిమీద ముడి వేసుకుంటూ పోయింది. ఆ దారం కత్తిరించుకోడానికి బల్లమీది కత్తెర అతను ఎప్పుడు తీసుకున్నాడో చూడలేదు.

అక్కడ పనిముట్టు తీసుకోవాలంటే గోడమీది మేకుకు ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్ళు తగిలించాలి. షిఫ్టు దిగేటప్పుడు పనిముట్టు ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. ఒక చిన్న కత్తెర యంత్రం లోపల ఉండిపోయినా గాల్లో మనుషులు పోతారు గనక, అది దొరికేదాకా ఎవరూ గేటు దాటకూడదు. పెళ్ళాం కత్తెరకి బిళ్ళేమిటనుకున్నాడు కాబోలు, అతను తన బిళ్ళ తగిలించలేదు. మేకుకు ఆమె బిళ్ళే వేలాడుతూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం కందిరీగ పలకలన్నీ ఊడదీసి వెతికారు. పనివాళ్ళ జేబులు వెతికారు. సూపర్‌వైజర్ల జేబులు వెతికే అలవాటు అక్కడ లేదు. అంతలో ఆఫీసు ఫోనుకి తమ్ముడి కబురొచ్చింది, అమ్మకి ఊపిరి అందడం లేదని. ఆమె పరుగెత్తుకెళ్ళి భర్త ముందు చేతులు జోడించింది.

"ఒక్కసారి వదలండి. చూసి వచ్చేస్తాను."

"పోగొట్టింది నువ్వు. అందర్నీ ఆపి నా పెళ్ళాన్ని మాత్రం పంపిస్తే నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరా?"

ఆ మాట అంటూ ఛాతీమీద చెయ్యి అదిమి పెట్టుకున్నాడు. పక్కన కంపెనీ ప్రతినిధి నిలబడి ఉన్నాడు. పాపం, తన కోసం ఇతని గుండె ఎంత కొట్టుకుంటోందో అనుకుంది ఆమె. అలా అనుకున్నందుకు ఇప్పుడు తడి గచ్చుమీద సిగ్గుతో కుంచించుకుపోయింది. ఆ చేతి కింద ఉన్నది ఈ రుమాలే.

యంత్రంలో కత్తెర లేదని తేల్చుకుని గేటు తీసేసరికి అమ్మ పోయింది. "'మీ అక్క షిఫ్టు అయిందా' అని అడుగుతూనే ఉందక్కా" అన్నాడు తమ్ముడు. నిర్లక్ష్యానికి మందలింపని ఆమె రికార్డులో రాశారు, కింద సంతకం భర్తది. "పోనీలే, మతిమరుపు ఎవరికైనా వస్తుంది" అని ఓదార్చాడు కూడా. ఆ మాటనే ఆమె అమ్మ పాదాలు పట్టుకుని చెప్పుకుంది. నా మతిమరుపేనమ్మా నిన్ను ఒంటరిగా పంపేసింది, అని ఏడ్చింది. రోజూ అన్నం ముందు కూర్చుని, ఆ కత్తెర ఎక్కడ పెట్టానా అని తన చేతుల్నే తిట్టుకుంది.

"ఆ తెల్ల చొక్కా ఉతికావా?" హాల్లోంచి భర్త గొంతు. "రేపు కందిరీగ మొదటిసారి గాల్లోకి లేస్తుంది. అదే వేసుకోవాలి, కలిసొచ్చిన చొక్కా."

ఆమె కత్తెరను గుప్పిట్లో పట్టుకుంది. "జేబులో ఏమైనా పెట్టారా?"

"ఏముంటాయి? ఉంటే నువ్వు చూస్తావుగా."

టీవీ చప్పుడు పెరిగింది. భయపడి దాచాడంటే, ఆ భయాన్ని ఏదో ఒక రోజుకి అర్థం చేసుకునేదేమో. దాచిన సంగతే మరిచిపోయాడు. ఆమె తల్లిని ఆఖరిసారి చూడనివ్వని వస్తువు అతనికి నలిగిన రుమాలుతో సమానం. గుండె పగలడమంటే పెద్ద చప్పుడవుతుందనుకునేది ఆమె. ఏ చప్పుడూ లేదు, కుళాయి కింద బకెట్టు నిండి పొర్లుతున్న శబ్దం తప్ప. లేచి కుళాయి కట్టేసింది. చొక్కా మాత్రం నీళ్ళలో వెయ్యలేదు.

మర్నాడు అతనికన్నా ముందు బయల్దేరింది. పనిముట్ల కౌంటరు దగ్గర ఉండే పెద్దాయన కళ్ళజోడు ఎత్తి కత్తెరను తిప్పి తిప్పి చూశాడు. "ఎక్కడ దొరికిందమ్మా? రాయాలి నేను."

ఆమె సంచిలోంచి మాసిన చొక్కా తీసి కౌంటరుమీద పరిచింది. "దీని జేబులో. మా ఇంట్లో, ఉతకాల్సిన బట్టల్లో." వెనక లైన్లో ఉన్న వైరింగు షాపు ఆడవాళ్ళు ముందుకి వంగి చూశారు. ఆ గుండీ కింది దారాన్ని చూసి నవ్వినవాళ్ళే వాళ్ళంతా.

ఈలోగా భర్త వచ్చాడు, వేరే చొక్కా వేసుకుని. కౌంటరుమీది కత్తెరనూ చొక్కానూ చూసి మొహం పాలిపోయింది. మొదటిసారి ఆమెతో గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఇంటి విషయం ఇంట్లో మాట్లాడుకుందాం. చొక్కా తీసెయ్."

"ఇంటి విషయమే అయితే ఆ రోజు నన్ను ఇంటికి పంపేవారు కదండీ."

పెద్దాయన ఎవరి మొహమూ చూడకుండా రాయాల్సింది రాసుకున్నాడు. గోడ దగ్గరికెళ్ళి కత్తెరను దాని చోటులో తగిలించి, ఇన్నాళ్ళూ మేకుకు వేలాడిన ఇత్తడి బిళ్ళ తీసి ఆమె చేతికిచ్చాడు. "మరి ఈ చొక్కా, అమ్మా?"

"కత్తెరమీద నా నంబరుంది, తెచ్చి అప్పగించాను. చొక్కామీద నా నంబరు లేదండీ."

ఆ పగలంతా ఆమె బల్ల దగ్గరే పని చేసింది. మధ్యాహ్నం పైన కందిరీగ ఎగిరితే అందరూ బయటికి పరుగెత్తి చూశారు. ఆమె వెళ్ళలేదు. చూసి చెప్పడానికి ఎవరున్నారు కనక. సాయంత్రం గేటు దాటాక ఇంటివైపు బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆమె రోడ్డు దాటి అటువైపు బస్సెక్కింది.

తమ్ముడు తలుపు తీసి, ఆమె చేతిలోని ఇత్తడి బిళ్ళనూ ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఏంటక్కా, ఇలా వచ్చావు?"

ఆమె అతన్ని దాటి లోపలికి, పరుపు తీసేసిన అమ్మ మంచం దాకా నడిచి, దాని పట్టెమీద చెయ్యి వేసింది.

"షిఫ్టు అయిందమ్మా" అంది.